కోఆక్సియల్ కేబుల్ కొసను సిద్ధం చేయడం: హామ్ రేడియో అభ్యాసం

ఈనాటి పాఠంలో మనం ఒక చిన్న చేతిపని నేర్చుకుందాం. రేడియో సెట్టును యాంటెన్నాతో కలిపే కోఆక్సియల్ కేబుల్ కొసను ఒలిచి, దానికి కనెక్టర్ అతకడమే ఆ పని. జానెడు కేబుల్ ముక్క, ఒక బ్లేడు, ఒక సాల్డరింగ్ ఐరన్ ఉంటే ఇంట్లో బల్లమీదే అభ్యాసం చేయవచ్చు. మీరు భౌతికశాస్త్రంలో విడివిడిగా చదివే కెపాసిటర్, రోధక స్థిరాంకం, తరంగదైర్ఘ్యం, ఉష్ణప్రసారం ఈ ఒక్క పనిలో కలిసి కనిపిస్తాయి.

1. ఈ పని ఎందుకు నేర్చుకోవాలి?

వ్యాపార ప్రయోజనం ఆశించకుండా, ప్రభుత్వ లైసెన్సుతో, సొంత రేడియో స్టేషన్ ద్వారా ఇతరులతో మాట్లాడే అభిరుచినే హామ్ రేడియో లేదా అమెచ్యూర్ రేడియో అంటారు. హైదరాబాదులో 1983లో ఏర్పడిన నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో ఈ రంగంలో పేరున్న సంస్థ. 2004 డిసెంబరులో ఆ సంస్థకు చెందిన భారతీ ప్రసాద్ నాయకత్వంలో ఒక బృందం హామ్ ప్రసారాల కోసం అండమాన్ దీవులలోని పోర్ట్ బ్లెయిర్‌కు వెళ్ళింది. డిసెంబరు 26న సునామీ వచ్చింది. టెలిఫోన్ సౌకర్యాలు దెబ్బతిన్న ఆ రోజుల్లో దీవుల్లో ఉన్నవారి క్షేమసమాచారాలు ఈ బృందం రేడియోల ద్వారా ప్రధాన భూభాగానికి చేరాయి.

అలాంటి సమయంలో స్టేషన్ పనిచేయాలంటే సెట్టు, యాంటెన్నా, రెండింటినీ కలిపే కేబుల్ మూడూ బాగుండాలి. సెట్టు ఫ్యాక్టరీలో తయారై పరీక్షకు నిలబడి వస్తుంది. కేబుల్ పొడవంతా యంత్రం చేసినదే. మనిషి చేత్తో చేసే భాగం కేబుల్ రెండు కొసలే. లోపాలు ఎక్కువగా తలెత్తేదీ అక్కడే. కాబట్టి ఈ పాఠమంతటికీ మూలసూత్రం ఇది: తయారీదారు కేబుల్ లోపల ఏ అమరిక ఇచ్చాడో, ఆ అమరికను కొస వరకూ చెడగొట్టకుండా తీసుకువెళ్ళాలి.

ఉదాహరణల కోసం ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ రైల్వే పట్టణాన్ని తీసుకుందాం. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే కాలం నుంచి శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల తెలుగు కుటుంబాలు రైల్వే ఉద్యోగాలకు వెళ్ళి ఆ ఊళ్ళో స్థిరపడ్డాయి. 2003 నుంచి అది ఆగ్నేయ మధ్య రైల్వేకు ప్రధాన కేంద్రం. రైల్వే కాలనీల్లో పెరిగే పిల్లలకు స్టేషన్ మాస్టర్ గదిలోని వి.హెచ్.ఎఫ్. సెట్టు, రైలు గార్డు చేతిలోని వాకీటాకీ కొత్త కాదు. స్టేషన్లలో వాడే 25 వాట్ల సెట్టు నుంచి కప్పుమీది యాంటెన్నాకు వెళ్ళే నల్లని తీగ కోఆక్సియల్ కేబులే. మండే ఎండలు, జోరువానలు, తలపైన 25 కిలోవోల్టుల రైల్వే విద్యుత్ తీగలు ఉన్న ఊరు కాబట్టి, కేబుల్ విషయంలో తీసుకోవలసిన జాగ్రత్తలన్నీ అక్కడ అవసరమవుతాయి.

2. కేబుల్ లోపల ఏముంది?

కోఆక్సియల్ అంటే ఒకే అక్షం కలది అని అర్థం. కేబుల్‌ను అడ్డంగా కోసి చూడండి. ఒకదాని చుట్టూ ఒకటిగా నాలుగు పొరలు కనిపిస్తాయి. మధ్యలో రాగి తీగ. దానిచుట్టూ తెల్లగా లేదా పారదర్శకంగా పాలిథీన్ రోధకం. దానిపైన సన్నని రాగి పోగులతో జడలా అల్లిన కవచం. అన్నిటికీ పైన నల్లని పి.వి.సి. తొడుగు.

మధ్య తీగ, అల్లిక ఈ రెండూ వాహకాలే. సంకేతం వీటి మధ్యనున్న పాలిథీన్‌లో విద్యుదయస్కాంత తరంగంగా ప్రయాణిస్తుంది. అల్లిక ఒకవైపు ప్రవాహానికి తిరుగుదారి అవుతుంది, మరోవైపు బయటి రొద లోపలికి రాకుండా, లోపలి శక్తి బయటకు పోకుండా కాపలా కాస్తుంది. ఈ ఆలోచనకు 1880లో ఇంగ్లాండులో ఆలివర్ హెవిసైడ్ పేటెంటు పొందాడు. 1933లో ఇంగ్లాండులోనే పాలిథీన్ కనుగొన్నారు. రెండవ ప్రపంచయుద్ధకాలంలో రాడార్ కేబుళ్ళలో ఆ పాలిథీన్ వాడకంలోకి వచ్చింది. అప్పటి నుంచి వంగే కోఆక్సియల్ కేబుల్ రూపం పెద్దగా మారలేదు.

ఇప్పుడు ఒక చిన్న లెక్క చేద్దాం. కేబుల్ స్వాభావిక ఇంపీడెన్స్ రెండే విషయాలపై ఆధారపడుతుంది. ఒకటి, రోధకం బయటి వ్యాసానికీ మధ్య తీగ వ్యాసానికీ ఉన్న నిష్పత్తి. రెండు, రోధక స్థిరాంకం. సూత్రం ఇది:

ఇంపీడెన్స్ = (138 ÷ √రోధక స్థిరాంకం) × వ్యాసాల నిష్పత్తికి సంవర్గమానం

పాలిథీన్ రోధక స్థిరాంకం సుమారు 2.25. దాని వర్గమూలం 1.5. 138 ని 1.5 తో భాగిస్తే 92. హామ్‌లు ఎక్కువగా వాడే ఆర్.జి.-58 రకంలో రోధకం వ్యాసం 2.95 మి.మీ. మధ్యలో పురిపెట్టిన సన్నని రాగి పోగులు ఉంటాయి. పోగుల మధ్య ఖాళీలు ఉండటం వల్ల అవన్నీ కలిసి దాదాపు 0.85 మి.మీ. వ్యాసమున్న ఒకే తీగలా ప్రవర్తిస్తాయి. నిష్పత్తి దాదాపు 3.5. దాని సంవర్గమానం 0.54. 92 × 0.54 = సుమారు 50 ఓమ్‌లు. హామ్ సెట్ల వెనుక 50 ఓమ్‌లు అని రాసి ఉండటం మీరు చూసే ఉంటారు. ఆ సంఖ్యతో ఈ కేబుల్ సరిపోతుంది.

ఈ లెక్కలో పొడవు లేదని గమనించండి. మీటరు ముక్కకైనా వంద మీటర్ల చుట్టకైనా ఇంపీడెన్స్ 50 ఓమ్‌లే. వ్యాసాల నిష్పత్తి ఎక్కడైనా మారితే మాత్రం అక్కడ ఇంపీడెన్స్ మారి, తరంగంలో కొంతభాగం వెనక్కి పరావర్తనం చెందుతుంది. కేబుల్‌ను బల్ల కాలు కింద నలిపినా, గోడ మలుపులో పదునుగా విరిచినా జరిగేది ఇదే. వంపు వ్యాసార్థం కేబుల్ వ్యాసానికి కనీసం పది రెట్లు ఉండాలని గుర్తుంచుకోండి. 5 మి.మీ. కేబుల్‌కు 5 సెంటీమీటర్లు.

3. ఏ కేబుల్ ఎంచుకోవాలి?

సన్నని ఆర్.జి.-58 వ్యాసం సుమారు 5 మి.మీ. లావాటి ఆర్.జి.-213 వ్యాసం 10.3 మి.మీ. రెండూ 50 ఓమ్‌లవే. తేడా నష్టంలో ఉంది. నష్టాన్ని డెసిబెల్‌లలో చెబుతారు. 3 డెసిబెల్‌ల నష్టమంటే శక్తి సగమవుతుంది, 6 డెసిబెల్‌లంటే నాలుగో వంతే మిగులుతుంది.

సెట్టు నుంచి యాంటెన్నాకు 30 మీటర్ల కేబుల్ పట్టిందనుకుందాం. 145 మెగాహెర్ట్జ్ దగ్గర ఆర్.జి.-58 లో నష్టం సుమారు 6 డెసిబెల్‌లు. అంటే సెట్టు 10 వాట్లు పంపితే యాంటెన్నాకు చేరేది రెండున్నర వాట్లు. అదే పొడవు ఆర్.జి.-213 లో నష్టం సుమారు 2.6 డెసిబెల్‌లు, చేరేది అయిదున్నర వాట్లు. 7 మెగాహెర్ట్జ్ దగ్గరైతే సన్న కేబులైనా ఏడున్నర వాట్లు చేరవేస్తుంది. కాబట్టి తక్కువ పౌనఃపున్యానికి, తక్కువ దూరానికి సన్నది చాలు. ఎక్కువ పౌనఃపున్యానికి, ఎక్కువ దూరానికి లావుది కావాలి.

ఇంట్లో ఉన్న టీవీ కేబుల్ వాడకూడదా అని మీరు అడగవచ్చు. అది 75 ఓమ్‌లది. 50 ఓమ్‌ల సెట్టుకు కలిపితే పరావర్తన గుణకం (75 − 50) ÷ (75 + 50) = 0.2. శక్తిలో దాని వర్గం, అంటే నూటికి 4 వంతులు మాత్రమే వెనక్కి వస్తుంది. కనుక విద్యుత్తు దృష్ట్యా అది మరీ పనికిరానిది కాదు. చిక్కు మరోచోట ఉంది. ఆర్.జి.-6 రకం టీవీ కేబుళ్ళలో కవచం సాధారణంగా అల్యూమినియం రేకు, అల్యూమినియం పోగులు. వాటికి మామూలు సాల్డరు అంటదు. ఈ పాఠంలో చెప్పే పద్ధతి రాగి అల్లికకే వర్తిస్తుంది.

4. పనిముట్లు

కొత్త బ్లేడు అమర్చిన చాకు, కటింగ్ ప్లయర్, ముక్కు ప్లయర్, మిల్లీమీటర్ల గుర్తులున్న స్కేలు, మొన మొద్దుగా ఉన్న సూది, సన్న ఆకురాయి, 60 నుంచి 100 వాట్ల సాల్డరింగ్ ఐరన్, రోజిన్ ఉన్న సాల్డరు తీగ, మల్టీమీటర్ ఉంటే చాలు. కనెక్టర్‌గా హామ్ సెట్లలో ఎక్కువగా కనిపించే పి.ఎల్.-259 తీసుకుందాం. దీని రంధ్రం లావు కేబుల్‌కు సరిపోయేలా ఉంటుంది. ఆర్.జి.-58 కు వాడాలంటే రెడ్యూసర్ అనే చిన్న ఇత్తడి గొట్టం కూడా కొనాలి.

బ్లేడును ఎప్పుడూ ఒంటికి దూరంగా నడపండి. పాఠశాల విద్యార్థులు ఉపాధ్యాయుడి ఎదుటే ఈ పని చేయాలి.

5. తొక్క ఒలవడం: ఆర్.జి.-58 పద్ధతి

మొదటి మెట్టు. కేబుల్ కొసను నిట్టనిలువుగా, సమంగా కోయండి. కొస నలిగి కోడిగుడ్డు ఆకారంలోకి వస్తే ఆ ముక్క తీసేసి మళ్ళీ కోయండి.

రెండవ మెట్టు. కనెక్టర్ బయటి రింగును, తర్వాత రెడ్యూసర్‌ను కేబుల్‌పైకి ఎక్కించండి. రింగు మర ఉన్న వైపు, రెడ్యూసర్ నున్నని వైపు కేబుల్ కొసవైపే చూడాలి. అతుకంతా పూర్తయ్యాక రింగు బల్లమీదే ఉండిపోయిందని గుర్తురావడం ఈ పనిలో అందరికీ ఎదురయ్యే అనుభవం. అప్పుడు కోసేసి మొదటికి రావడం తప్ప మార్గం లేదు.

మూడవ మెట్టు. కొసనుంచి 20 మి.మీ. దగ్గర గుర్తు పెట్టండి. ఇక్కడ బయటి తొడుగు మందం సుమారు 0.7 మి.మీ. మాత్రమే. బ్లేడును గుర్తుమీద ఆనించి కేబుల్‌ను బల్లమీద దొర్లించండి. తొడుగు మందంలో ముప్పాతిక వంతు తెగితే చాలు. తర్వాత ఆ గాటు దగ్గర కేబుల్‌ను అటూ ఇటూ కొద్దిగా వంచితే మిగిలిన పావు వంతు దానంతట అదే చిట్లుతుంది. ఇప్పుడు తొడుగును మెలితిప్పుతూ లాగేయండి. బ్లేడు అల్లికను తాకకుండా ఉండటానికే ఈ ఉపాయం.

ఇక్కడ కొంచెం ఆగి పరీక్షించుకోండి. అల్లికలో తెగిన పోగులు ఉన్నాయా? రాగి మెరుస్తూ ఉందా, నల్లబడిందా? నల్లబడితే ఆ కేబుల్‌లోకి తేమ చేరిందన్నమాట. మెరిసే రాగి వచ్చేవరకూ అరమీటరు చొప్పున కోసుకుంటూ పోండి. ఎంత కోసినా నలుపే కనిపిస్తే ఆ కేబుల్‌ను వదిలేయడం మంచిది. ఎందుకంటే అధిక పౌనఃపున్య ప్రవాహం వాహకం లోతుల్లోకి పోదు, ఉపరితలం మీదే నడుస్తుంది. రాగిలో ఆ పొర మందం 7 మెగాహెర్ట్జ్ దగ్గర సుమారు 0.025 మి.మీ., 145 మెగాహెర్ట్జ్ దగ్గర సుమారు 0.0055 మి.మీ. అంత పలచని దారిలో తుప్పు పేరుకుంటే నష్టం పెరగక తప్పదు.

నాలుగవ మెట్టు. మొద్దు సూదితో అల్లికను కొసనుంచి మొదలుకొని నెమ్మదిగా విప్పండి. చిక్కుపడ్డ జడను దువ్వెనతో విప్పేటప్పుడు కుదుళ్ళ దగ్గర లాగం కదా, చివరల నుంచి పైకి వస్తాం. ఇదీ అంతే. రెడ్యూసర్‌ను తొడుగు అంచువరకు జరిపి, విప్పిన పోగులను దానిమీదికి వెనక్కి మడిచి, చుట్టూ సమంగా పరచండి. రెడ్యూసర్ నున్నని భాగం దాటి మరమీదికి వచ్చే పోగులను కత్తిరించండి. సుమారు 9.5 మి.మీ. పోగులు మిగలాలి.

ఐదవ మెట్టు. ఇప్పుడు పాలిథీన్ పొర బయటపడింది. కొసనుంచి 16 మి.మీ. దగ్గర దానిచుట్టూ గాటు పెట్టండి. ఇక్కడా పూర్తి లోతుకు పోవద్దు. పట్టుకుని లాగేటప్పుడు లోపలి పోగులు ఏ దిశలో పురిపెట్టి ఉన్నాయో ఆ దిశలోనే మెలితిప్పండి. ఎదురు తిప్పితే పురి విడిపోయి పోగులు చెదురుతాయి. ఇప్పుడు 16 మి.మీ. రాగి తీగ, దాని వెనుక 4 మి.మీ. పాలిథీన్, ఆ వెనుక మడిచిన అల్లిక వరుసగా కనిపించాలి.

మధ్య తీగకు గాటు పడితే ఏమవుతుంది? ఆ రోజుకు ఏమీ కాదు, మీటరు కూడా లోపం చూపదు. గాలికి యాంటెన్నా ఊగిన ప్రతిసారీ ఆ గాటు దగ్గరే తీగ వంగుతుంది. లోహం అలసి, కొన్నాళ్ళకు అక్కడే విరుగుతుంది. బయట తొడుగు మామూలుగానే ఉంటుంది కనుక లోపం కంటికి కనబడదు. అందుకే గాటు పడిందని తెలిసిన వెంటనే ఆ కొస కోసేసి మళ్ళీ మొదలుపెట్టాలి. మీ దగ్గర పోయేది రెండు సెంటీమీటర్ల కేబుల్ మాత్రమే.

ఆరవ మెట్టు. మధ్య తీగకు పలచగా సాల్డరు పూయండి. కనెక్టర్ ప్రధానభాగాన్ని మధ్య తీగమీదుగా ఎక్కించి, రెడ్యూసర్ మరలోకి బిగించండి. రెడ్యూసర్‌ను ప్లయర్‌తో పట్టుకుని కనెక్టర్‌ను తిప్పండి. కేబుల్ మెలిపడకూడదు. కనెక్టర్ పక్క రంధ్రాలలోంచి చూస్తే రాగి అల్లిక కనిపించాలి. మధ్య తీగ కనెక్టర్ బోలు పిన్ను చివరకు చేరాలి.

లావు కేబుల్ ఆర్.జి.-213 కు రెడ్యూసర్ అక్కర్లేదు. తొడుగును 29 మి.మీ. ఒలిచి, కొసన 16 మి.మీ. మధ్య తీగను బయటపెట్టి, 2 మి.మీ. పాలిథీన్, 11 మి.మీ. అల్లిక మిగల్చండి. అల్లికను వెనక్కి మడవకుండా, ఉన్నచోటే పలచగా సాల్డరు పూసి చల్లారనివ్వాలి. తర్వాత కనెక్టర్‌ను కేబుల్ తొడుగుమీదికే మరలా బిగిస్తే అల్లిక రంధ్రాల కిందికి వస్తుంది.

6. సాల్డరింగ్: వేడి ఎక్కువ, సమయం తక్కువ

సాధారణ సాల్డరు సుమారు 183 నుంచి 190 డిగ్రీల సెల్సియస్ మధ్య కరుగుతుంది. కేబుల్‌లోని పాలిథీన్ సుమారు 110 డిగ్రీలకే కరుగుతుంది. అంటే లోపలి పొర కరిగే వేడికంటే చాలా ఎక్కువ వేడిని దానికి నాలుగు మిల్లీమీటర్ల దూరంలో పుట్టించాలి. ఇది ఎలా సాధ్యం?

కాలమే జవాబు. వేడి ఒకచోటినుంచి మరోచోటికి చేరడానికి సమయం పడుతుంది. పెద్ద మొన ఉన్న వేడి ఐరన్‌తో కనెక్టర్ లోహాన్ని త్వరగా వేడెక్కించి, సాల్డరు పారిన వెంటనే తీసేస్తే పాలిథీన్‌కు పెద్దగా వేడి చేరదు. చిన్న 25 వాట్ల ఐరన్ వాడితే మెల్లగా వేడెక్కుతున్న లోహం నుంచి వేడి లోపలికి పాకుతూనే ఉంటుంది. సాల్డరు కరిగే సమయానికి పాలిథీన్ మెత్తబడి మధ్య తీగ పక్కకు జరుగుతుంది, ఒక్కోసారి అల్లికను తాకి షార్ట్ అవుతుంది. వేడి తగ్గిస్తే ప్లాస్టిక్‌కు మేలు అనుకోవడం సహజం, కాని ఇక్కడ ఫలితం తలకిందులుగా ఉంటుంది. నురుగు రకం పాలిథీన్ ఉన్న కేబుళ్ళు ఇంకా త్వరగా మెత్తబడతాయి, వాటితో మరింత చురుకుగా ఉండాలి.

కనెక్టర్ పైపూత నున్నగా ఉంటే రంధ్రాల చుట్టూ ఆకురాయితో కొద్దిగా గీకండి, సాల్డరు బాగా పట్టుకుంటుంది. ఐరన్‌ను లోహానికి ఆనించి, సాల్డరును లోహానికి అందించండి. లోహపు వేడికే సాల్డరు కరిగి రంధ్రంలోకి, అల్లిక పోగుల్లోకి పారాలి. ఐరన్ మొనమీద కరిగించి అంటిస్తే పైకి అతికినట్లు కనిపించి లోపల అతకదు. చివర బోలు పిన్నును వేడిచేసి మధ్య తీగను అతకండి. పిన్నుపై మిగిలిన సాల్డరును ఆకురాయితో సాపుచేయండి. పూర్తిగా చల్లారేవరకు కేబుల్‌ను కదపవద్దు. సాల్డరులో సీసం ఉంటుంది కనుక గాలి వెలుతురు ఉన్నచోట పనిచేసి, తర్వాత సబ్బుతో చేతులు కడుక్కోండి.

అతుకు బాగుండటం ఎందుకంత ముఖ్యమో లెక్కతో చూద్దాం. 50 ఓమ్‌ల కేబుల్‌లో 100 వాట్లు పంపితే ప్రవాహం √(100 ÷ 50), అంటే సుమారు 1.41 ఆంపియర్లు. సరిగా అతకని చోట 1 ఓమ్ నిరోధం ఉంటే అక్కడ వేడిగా మారే శక్తి 1.41 × 1.41 × 1 = 2 వాట్లు. బఠాణీగింజంత చోట 2 వాట్లు పుడితే అతుకు మరింత చెడుతుంది, నిరోధం ఇంకా పెరుగుతుంది.

7. పరీక్షించడం

కేబుల్‌ను సెట్టుకు కలపకముందే మూడు కొలతలు తీయాలి. ఒక కొస మధ్య పిన్నునుంచి రెండో కొస మధ్య పిన్నుకు నిరోధం దాదాపు సున్నా ఉండాలి. ఒక కొస కవచంనుంచి రెండో కొస కవచానికి దాదాపు సున్నా ఉండాలి. పిన్నుకూ కవచానికీ మధ్య అనంతం ఉండాలి. మూడో కొలతలో చిన్న విలువ కనిపిస్తే, ఎక్కడో ఒక అల్లిక పోగు తప్పించుకుని మధ్య తీగను తాకుతోందని అర్థం. కొలుస్తూ కేబుల్ కొసలను మెల్లగా అటూ ఇటూ కదపండి. మీటరు అంకె గంతులు వేస్తే అతుకు వదులుగా ఉన్నట్లే.

మీ మల్టీమీటర్‌లో కెపాసిటీ కొలిచే సౌకర్యం ఉంటే మరో ఆసక్తికరమైన పరీక్ష చేయవచ్చు. రెండు వాహకాలు, మధ్య రోధకం ఉంటే అది కెపాసిటర్ కదా. ఆర్.జి.-58 కు మీటరుకు సుమారు 100 పికోఫారడ్‌ల కెపాసిటీ ఉంటుంది. రెండో కొసకు ఏమీ తగిలించకుండా 20 మీటర్ల కేబుల్‌ను కొలిస్తే సుమారు 2000 పికోఫారడ్‌లు రావాలి. కొన్ని పికోఫారడ్‌లే చూపితే మధ్య తీగ మీ చేతిలోని కొస దగ్గరే తెగింది. మొత్తం 2000 చూపుతూ రెండో కొసకు కొనసాగింపు మాత్రం లేకపోతే, లోపం ఆ రెండో కొసలో ఉంది. కేబుల్ చుట్ట విప్పకుండానే తెగినచోటు తెలుసుకోవచ్చన్నమాట.

మరో సందేహం రావచ్చు. ఒలిచిన చోట ఆ రెండు సెంటీమీటర్లలో ఇంపీడెన్స్ 50 ఓమ్‌లు ఉండదు కదా, నష్టం లేదా? తరంగదైర్ఘ్యంతో పోల్చి చూడాలి. పాలిథీన్ కేబుల్‌లో తరంగవేగం శూన్యంలోని కాంతివేగంలో మూడింట రెండు వంతులు. 7 మెగాహెర్ట్జ్ దగ్గర కేబుల్‌లో తరంగదైర్ఘ్యం సుమారు 28 మీటర్లు. దానిలో 2 సెంటీమీటర్లు వెయ్యో వంతుకన్నా తక్కువ, కనుక తరంగం దాన్ని పట్టించుకోదు. 145 మెగాహెర్ట్జ్ దగ్గర తరంగదైర్ఘ్యం 1.38 మీటర్లు, 2 సెంటీమీటర్లు అందులో సుమారు 70వ వంతు. ఇంకా పైకి పోతే ఈ తేడా లెక్కలోకి వస్తుంది. అందుకే పైస్థాయి పౌనఃపున్యాలకు పి.ఎల్.-259 బదులు, లోపల కూడా 50 ఓమ్‌ల అమరికను నిలిపే ఎన్ రకం, బి.ఎన్.సి. రకం కనెక్టర్లు వాడతారు.

8. వాన, ఎండ, విద్యుత్ తీగ

బిలాస్‌పూర్ లాంటి ఊళ్ళో వేసవిలో ఉష్ణోగ్రత 45 డిగ్రీల దాకా పోతుంది. తర్వాత నాలుగు నెలలు వానలు. ఎండకు నాణ్యత తక్కువ పి.వి.సి. గట్టిపడి పగుళ్ళు ఇస్తుంది. ఆ పగుళ్ళలోంచి నీరు దూరుతుంది. కనెక్టర్ మరల్లోంచి కూడా దూరుతుంది. అల్లిక పోగుల మధ్య సందులు సన్నని కేశనాళికల్లా పనిచేసి, దీపం వత్తి నూనెను పీల్చినట్లు నీటిని కేబుల్ లోపలికి లాగుతాయి. పి.ఎల్.-259 నీటిని ఆపే కనెక్టర్ కాదు. కనుక ఆరుబయట ఉన్న అతుకును తనకు తానే కలిసిపోయే రబ్బరు టేపుతో లాగి చుట్టి, దానిమీద మామూలు పి.వి.సి. టేపు చుట్టాలి. చుట్టడం కిందనుంచి పైకి సాగాలి. అప్పుడు పైచుట్టు కిందిచుట్టుమీద పెంకుటింటి కప్పులా కప్పుతుంది, నీరు జారిపోతుంది. కేబుల్ కిటికీలోంచి లోపలికి వచ్చేముందు బయట కిందికి ఒక వంపు వదలండి. వాననీరు ఆ వంపు దగ్గరే కారిపోతుంది.

ఇక అన్నిటికంటే ముఖ్యమైన జాగ్రత్త. బిలాస్‌పూర్ మీదుగా పోయే రైలుమార్గం పైన తీగలలో 25 కిలోవోల్టుల విద్యుత్తు ఉంటుంది. అలాంటి తీగకు రెండు మీటర్లలోపు చేరడమే ప్రమాదమని రైల్వే నియమం చెబుతుంది. ముట్టుకోనవసరం లేదు. మీ యాంటెన్నా స్తంభం, తీగ, కేబుల్ ఏ వైపు కూలినా, తెగి గాలికి ఎగిరినా ఏ విద్యుత్ తీగనూ చేరలేనంత దూరంలో ఉండాలి. వీధి కరెంటు తీగలకూ ఇదే వర్తిస్తుంది. రైల్వే స్తంభాలకు, రైల్వే పరికరాలకు మీ తీగలు కట్టవద్దు. ఉరుములు రాకముందే కేబుల్‌ను సెట్టునుంచి విప్పి, ఆ కొసను ఇంటి బయట ఉంచండి. ఉరుములు మొదలయ్యాక దానిజోలికి వెళ్ళవద్దు.

కేబుల్ ఒలవడం, కనెక్టర్ అతకడం, మల్టీమీటర్‌తో కొలవడం ఎవరైనా నేర్చుకోవచ్చు. ప్రసారం చేయాలంటే మాత్రం కేంద్ర కమ్యూనికేషన్ల శాఖ నిర్వహించే పరీక్ష రాసి లైసెన్సు పొందాలి. పన్నెండేళ్ళు నిండినవారు ఆ పరీక్షకు అర్హులు.

9. సారాంశం

కేబుల్‌లో నాలుగు పొరలు ఉంటాయి. వాటి నిష్పత్తే 50 ఓమ్‌లను ఇస్తుంది. తొడుగును ముప్పాతిక లోతు కోసి మిగిలినది వంచి చిట్లించాలి. మధ్య తీగకు గాటు పడితే ఆ కొస పనికిరాదు. సాల్డరింగ్‌లో వేడి ఎక్కువగా, సమయం తక్కువగా ఉండాలి. మూడు కొలతలు తీయకుండా సెట్టుకు కలపకూడదు. ఆరుబయటి అతుకును కిందనుంచి పైకి టేపుతో చుట్టాలి.

ఈవారం జానెడు కేబుల్ ముక్కమీద కనీసం ఐదుసార్లు ఒలిచి చూడండి. పోగు తెగకుండా వరుసగా మూడుసార్లు వచ్చేవరకు కనెక్టర్ తీయవద్దు. తుపాను రోజున మీ మాట అవతలివారికి చేరేది ఈ కొసల మీదుగానే.

అభ్యాస ప్రశ్నలు

1. రోధకం వ్యాసం 7.25 మి.మీ., మధ్య తీగ ప్రభావ వ్యాసం 2.1 మి.మీ., రోధక స్థిరాంకం 2.25 అయితే కేబుల్ ఇంపీడెన్స్ ఎంత?

2. 20 మీటర్ల ఆర్.జి.-58 కేబుల్‌ను ఒక కొసనుంచి కొలిస్తే 600 పికోఫారడ్‌లు వచ్చింది. మధ్య తీగ ఆ కొసనుంచి ఎంత దూరంలో తెగి ఉండవచ్చు?

3. చిన్న ఐరన్‌తో ఎక్కువసేపు వేడిచేయడంకంటే పెద్ద ఐరన్‌తో తక్కువసేపు వేడిచేయడం పాలిథీన్‌కు ఎందుకు మేలు?

4. మీ ఊళ్ళో యాంటెన్నా కట్టాలంటే, దగ్గరలో ఉన్న విద్యుత్ తీగలు గుర్తించి, స్తంభానికి సురక్షితమైన చోటును పటం గీసి చూపండి.